నీళ్లతో చల్లబడే ప్రొపెల్లర్ షాఫ్ట్ సీళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సీల్ ఎక్కడుంటుంది? దాని పనేంటి?

మోటారు బోటులో ఇంజిన్ లోపల, ప్రొపెల్లర్ బయట ఉంటాయి. రెంటినీ కలిపే షాఫ్టు బోటు అడుగుకు పెట్టిన రంధ్రం గుండా వెళ్లాలి. ఆ రంధ్రంలో అమర్చిన గొట్టమే స్టెర్న్ ట్యూబ్. షాఫ్టు తిరగాలి, నీళ్లు మాత్రం లోపలికి రాకూడదు. ఈ తగువు తీర్చేది ట్యూబ్ లోపలి మూతి దగ్గరుండే సీల్. గేర్‌బాక్స్ వెనక, బిల్జ్‌లో (కారిన నీళ్లు చేరే బోటు అడుగు భాగంలో) అన్నిటికన్నా కిందుగా, చెయ్యి అతికష్టం మీద దూరే చోట ఉంటుంది. అందుకే చాలామంది దాని మొహం కూడా చూడరు. బోటు అడుగున తెరిచి ఉన్న రంధ్రానికి కాపలా అదొక్కటే అన్న సంగతి బిల్జ్ పంపు ఆగకుండా తిరుగుతున్న రోజున గుర్తొస్తుంది.

నీళ్లలోనే ఉండే సీల్‌కి మళ్లీ నీళ్లు పంపడం దేనికి?

అందరికీ వచ్చే అనుమానమే ఇది. నాక్కూడా మొదట్లో అర్థం కాలేదు. బోటు ఆగి ఉన్నప్పుడు స్టెర్న్ ట్యూబ్ నిండా నీళ్లుంటాయి, నిజమే. జోరందుకున్నాక లెక్క మారుతుంది. ట్యూబ్ వెనక మూతి పక్కనుంచి నీరు వేగంగా దూసుకుపోతుంటే అక్కడ ఒత్తిడి పడిపోతుంది, ట్యూబులో ఉన్న నీళ్లను అది బయటికి లాగేసుకుంటుంది. దానికి తోడు ప్రొపెల్లర్ కలిపిన గాలి బుడగలు ట్యూబులోకి ఎక్కి ముందు కొసన, అంటే సరిగ్గా సీల్ దగ్గర, పోగవుతాయి. పైకి చూస్తే బోటు నీళ్లలోనే ఉంది, సీల్ మాత్రం గాలిలో తిరుగుతోంది.

నిమిషానికి వందల చుట్లు తిరిగే షాఫ్టు మీద పొడిగా ఒరుసుకునే రబ్బరు పెదవి నిమిషాల్లో కాలిపోతుంది. కార్బన్ ముఖమైతే కీచుమంటూ అరిగిపోతుంది. అందుకే ఇంజిన్ తోడే నీళ్లలోంచి చిన్న పాయ ఒకటి తీసి సీల్ దగ్గర లోపలికి పంపుతారు. ఆ పాయ సీల్‌ని చల్లబరిచి, గాలిని వెనక్కి తోసి, ట్యూబ్ చివర షాఫ్టును మోసే రబ్బరు బేరింగ్, అంటే కట్‌లెస్ బేరింగ్ గాడుల గుండా బయటికి పోతుంది. పోతూ పోతూ ఆ బేరింగ్ రబ్బరును కూడా తడుపుతుంది. ఇంకో మేలు కూడా ఉంది. నీళ్లు కదలకుండా నిలవ ఉంటే స్టెయిన్‌లెస్ స్టీల్ షాఫ్టుకు కూడా సన్నని గుంటలు పడి తుప్పు తినేస్తుంది. పారే నీళ్లలో ఆ బాధ తక్కువ.

నా అనుభవంలో వయసు మీద పడి పోయిన సీళ్ల కంటే నీళ్లందక పోయినవే ఎక్కువ. కింద ఏ ప్రశ్నకు జవాబు చెప్పినా తిరిగి తిరిగి నీళ్ల దగ్గరికే వస్తుంటాను, విసుక్కోకండి.

నా బోటులో ఉన్నది ఏ రకమో ఎలా తెలుసుకోవాలి?

ఒక టార్చిలైటు పట్టుకుని బిల్జ్‌లోకి వంగండి. షాఫ్టు చుట్టూ ఇత్తడి రంగులో పెద్ద నట్టు, దాని వెనక లాక్ నట్టు కనిపిస్తే అది పాతకాలపు ప్యాకింగ్ గ్లాండ్. లోపల నూనె, మైనం పట్టించి జడలా అల్లిన తాడు చుట్లు ఉంటాయి. హార్మోనియం తిత్తిలా మడతలు పడ్డ రబ్బరు బెలోస్, దాని ముందు నల్లటి కార్బన్ రింగు, ఆ రింగుకు ఆనుకుని తళతళలాడే స్టీలు రోటర్ ఉంటే అది ఫేస్ సీల్. పీఎస్ఎస్ అనే పేరుతో ఎక్కువగా దొరికేది ఇదే. ఇవేవీ కాకుండా, నున్నటి గుండ్రటి డబ్బీలాంటిది షాఫ్టు మీద కూర్చుని, దానికి సన్నటి నీళ్ల గొట్టం తగిలించి ఉంటే లిప్ సీల్. టైడ్స్ వారివి ఈ జాతివే.

నీళ్ల విషయంలో మూడింటికీ తేడా ఉంది. లిప్ సీల్ నీళ్లు లేకుండా బతకదు, ఎంత నెమ్మదిగా నడిపే బోటైనా సరే. ఫేస్ సీల్‌కి వేగంగా వెళ్లే బోట్లలో ఒత్తిడితో నీళ్లు ఎక్కించాలి. గంటకు 12 నాటికల్ మైళ్ల లోపు వేగంతో నడిచేవాటికి గాలి పోయే గొట్టం పెట్టి, దాని కొసను నీటి మట్టానికి బాగా ఎత్తున కట్టేస్తే చాలంటారు. ప్యాకింగ్ గ్లాండ్ కారే చుక్కలతో తనను తానే చల్లబరుచుకుంటుంది. వేగం ఎక్కువున్న బోట్లలో దానికీ నీళ్ల గొట్టం ఇస్తారు.

ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి తీస్తారు?

ఇంజిన్‌ను చల్లబరిచే బయటి నీళ్లు హీట్ ఎక్స్‌ఛేంజర్ దాటాక, పొగలో కలిసే ఎగ్జాస్ట్ ఎల్బో కంటే ముందు, గొట్టానికి ఒక టీ (ఇంగ్లీషు T ఆకారపు జోడింపు) వేసి తీస్తారు. అక్కడ నీళ్లు కాస్త గోరువెచ్చగా ఉన్నా సీల్‌కి ఇబ్బంది లేదు. టీ మూతి కిందికి ఉండకూడదు. గొట్టం అడుగున పోయే ఇసుక, తుప్పు ముక్కలు నేరుగా సీల్‌లోకి దిగుతాయి. పైకో పక్కకో ఉండాలి.

మరో జాగ్రత్త గురించి చాలామంది ఇన్‌స్టాల్ చేసేవాళ్లే పట్టించుకోరు. సీల్ ఉన్నది నీటి మట్టం కింద. ఆ సన్న గొట్టం ఇంజిన్ నీళ్ల దారిని బయటి నీళ్లతో నేరుగా కలిపేస్తుంది. ఎగ్జాస్ట్ ఎల్బో నీటి మట్టానికి దగ్గర్లోనో కిందో ఉంటే, ఇంజిన్ ఆపిన తర్వాత ఆ దారిన నీళ్లు ఎక్కి ఎగ్జాస్ట్ నింపి, అక్కణ్ణుంచి సిలిండర్లలోకి దిగగలవు. కాబట్టి గొట్టాన్ని నీటి మట్టానికి పైకి వంపు తిప్పి, ఆ వంపు నెత్తిన గాలి పీల్చే వాల్వ్ పెట్టాలి. ఆ వాల్వ్ కూడా ఉప్పు పట్టి మూసుకుపోతుంది. ఏడాదికోసారి విప్పి కడగండి.

సరిపడా నీళ్లు వస్తున్నాయో లేదో ఎలా చూడాలి?

ఒక బకెట్టు, కొలత గీతలున్న డబ్బా, గడియారం ఉంటే చాలు.

ముందో మాట. సీల్ దగ్గర గొట్టం పీకగానే, అది తొడిగిన సన్న మూతి, అంటే నిపుల్ నుంచి బయటి నీళ్లు లోపలికి చిమ్ముతాయి. బోటు నీళ్లలో ఉంది, సీల్ నీటి మట్టం కింద ఉంది మరి. పీకేముందే రబ్బరు మూతో, బిరడానో చేతిలో ఉంచుకోండి. లేకపోతే బొటనవేలితో మూసి పట్టుకుని, రెండో చేత్తో అన్నీ చెయ్యాల్సొస్తుంది. నేను అలా కూర్చున్న రోజు ఉంది.

నిపుల్ మూసేశాక గొట్టం కొసను బకెట్టులో పెట్టి, ఇంజిన్‌ను న్యూట్రల్‌లో ఐడిల్ మీద నడపండి. గేరు మాత్రం వెయ్యొద్దు, సీల్‌కి నీళ్లు లేవు కదా. సరిగ్గా ఒక నిమిషం పట్టి కొలవండి. లిప్ సీల్‌కి నిమిషానికి సుమారు 4 లీటర్లు అందాలన్నది మామూలు లెక్క. మీ సీల్ తయారీదారు పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే నమ్మండి. ఐడిల్‌లో కొలవడమే ఎందుకంటే పంపు అన్నిటికన్నా తక్కువ తోడేది అప్పుడే.

వచ్చిన అంకెను తేదీ వేసి ఇంజిన్ పుస్తకంలో రాసుకోండి. అసలు ఉపయోగం ఆ వరసలోనే ఉంది. పోయిన ఏడాది 5 లీటర్లు వచ్చిన చోట ఈ ఏడాది 3 వస్తే, సీల్ ఇంకా ఏమీ అనకపోయినా ఎక్కడో పూడుకుంటోందన్నమాట.

ధార తగ్గింది. ఎక్కడ వెతకాలి?

నిపుల్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి. గొట్టం సీల్‌కి తగిలే చోట రంధ్రం చాలా సన్నం. ఉప్పు గట్టిపడేదీ, చెత్త చిక్కుకునేదీ అక్కడే. సన్న తీగతో కెలికితే తెల్లటి పొక్కులు రాలతాయి. తరువాత గొట్టం వంపులు చూడండి. పాతబడ్డ గొట్టం పైకి బాగున్నా లోపలి పొర ఊడి వాల్వ్‌లా మూసుకోవచ్చు. ఆ తరువాత టీ. చివరికి పంపు ఇంపెల్లర్ (నీళ్లు తోడే రబ్బరు రెక్కల చక్రం), స్ట్రెయినర్ (చెత్త ఆపే జల్లెడ).

ఒకసారి ధార సగానికి సగం పడిపోతే రెండు రోజులు పంపుతో కుస్తీ పట్టాను. ఇంపెల్లర్ కొత్తదే, స్ట్రెయినర్ అద్దంలా ఉంది. చివరికి టీ విప్పితే దాని మూతిలో చిటికెన వేలి గోరంత నల్లటి రబ్బరు ముక్క అడ్డంగా కూర్చుని ఉంది. కిందటి ఏడాది విరిగిన పాత ఇంపెల్లర్ రెక్క అది. ఇంపెల్లర్ మార్చినప్పుడు రెక్కలు లెక్కపెట్టాను, ఒకటి తక్కువని తెలుసు, నీళ్లతోపాటు బయటికి పోయుంటుందిలే అనుకున్నాను. పోలేదు. అప్పట్నుంచి రెక్క విరిగితే ముక్క దొరికేదాకా వదలడం లేదు. హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో పెట్టే జింకు కడ్డీల నుంచి రాలే ముక్కలు కూడా ఇదే దారి పడతాయి.

రెండు ఇంజిన్ల బోటు. ఒకటి ఆపి రెండోదానితో నడపొచ్చా?

నడపొచ్చు, రెండు సీళ్లనూ కలుపుతూ అడ్డ గొట్టం ఉంటేనే. ఆపిన ఇంజిన్ పంపు తిరగదు గనక దాని సీల్‌కి నీళ్లుండవు. కానీ బోటు కదులుతున్నంతసేపూ నీటి తోపుకి ఆ వైపు ప్రొపెల్లర్, షాఫ్టు తిరుగుతూనే ఉంటాయి. అడ్డ గొట్టం ఉంటే నడిచే ఇంజిన్ రెండు సీళ్లకూ నీళ్లిస్తుంది. లేకపోతే ఆ షాఫ్టు తిరగకుండా కట్టెయ్యాలి. ఇంజిన్ చెడిపోయి లాక్కెళ్లాల్సిన బోటుదీ ఇదే కథ. ఒంటి ఇంజిన్ బోటును తాడు కట్టి వేగంగా లాగితే, ఇల్లు చేరేలోగా రెండో రిపేరు తయారవుతుంది.

బోటు నీళ్లలోకి దించగానే గాలి తియ్యాలంటారు. ఎలా?

ఒడ్డున ఉన్నన్నాళ్లు స్టెర్న్ ట్యూబ్ ఖాళీగా ఉంటుంది. దించినప్పుడు గాలి సీల్ దగ్గర చిక్కుకుంటుంది. ఫేస్ సీల్ అయితే కార్బన్ రింగును చేత్తో వెనక్కి, అంటే బెలోస్ వైపు, కొద్దిగా నొక్కండి. ముందు బుస్సుమని గాలి, వెంటనే నీళ్లు వస్తాయి. నీళ్లు రాగానే వదిలెయ్యండి. వోల్వో పెంటా కంపెనీ మెత్తటి రబ్బరు సీల్ అయితే వేళ్లతో పిసికితే సరి. నీళ్ల గొట్టం ఉన్నవాటికి ఇంజిన్ వేశాక గాలి దానంతటదే పోతుంది, అయినా పైన చెప్పింది చెయ్యడానికి పది సెకన్లు కూడా పట్టదు.

కొంచెం కారితే పర్వాలేదా?

ప్యాకింగ్ గ్లాండ్ అయితే కారాలి. షాఫ్టు తిరుగుతుండగా నిమిషానికి 2, 3 చుక్కలు పడాలి, ఆగినప్పుడు దాదాపు ఏమీ ఉండకూడదు. నిమిషానికి 3 చుక్కలంటే రోజంతా తిరిగినా పావు లీటరు దాటదు. అదే సెకనుకో చుక్కంటే రోజుకు 4 లీటర్ల పైమాటే. బిల్జ్ పంపు దాన్ని అవలీలగా తోడేస్తుంది. బ్యాటరీ ఉన్నంతకాలం.

చుక్క కూడా కారకూడదని నట్టు పట్టు పట్టి బిగించేవాళ్లున్నారు. బిల్జ్ పొడిగా ఉంటుంది, షాఫ్టుకు మాత్రం గాడి పడుతుంది. బోటు నడిపాక ఇంజిన్ ఆపి, షాఫ్టు పూర్తిగా ఆగిందని చూసుకుని గ్లాండ్ మీద చెయ్యి వెయ్యండి. గోరువెచ్చగా ఉంటే మంచిది. చెయ్యి ఉంచలేకపోతే బిగింపు ఎక్కువైంది.

ఫేస్ సీల్, లిప్ సీల్ కారకూడదు. వాటి చుట్టూ ఉన్న గోడలు చూడండి. రోటర్‌కు సరిగ్గా ఎదురుగా, షాఫ్టుకు అడ్డంగా తెల్లటి ఉప్పు గీత ఉందంటే, ఆగినప్పుడు పొడిగా కనిపించే సీలే తిరిగేటప్పుడు సన్నగా చిమ్ముతోందని అర్థం.

ప్యాకింగ్ నేనే మార్చుకోవచ్చా?

చెయ్యగలరు, ఓపిక కావాలి. బోటు పైకి తీసినప్పుడు చేస్తే హాయి. నీళ్లలో ఉండగా కూడా చేస్తారు గానీ అలవాటు లేనివాళ్లు ఆ సాహసం చెయ్యకపోవడమే మంచిది.

నట్టు విప్పి, పాత చుట్లన్నీ హుక్కుతో లాగెయ్యండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. మూడు చుట్లు రాగానే అయిపోయిందనుకుంటారు. అడుగున రాయిలా గట్టిపడ్డ నాలుగోది ఉండిపోతుంది, దాని మీదే కొత్తవి వేసేస్తారు. టార్చి వేసి లోహం కనిపించేదాకా తవ్వండి. ప్యాకింగ్ మందం కోసం నట్టు లోపలి వ్యాసంలోంచి షాఫ్టు వ్యాసం తీసేసి 2తో భాగించండి. షాఫ్టు 25 మిల్లీమీటర్లు, నట్టు లోపల 37 ఉంటే 6 మిల్లీమీటర్లది కావాలి. ఒకే తాడును స్ప్రింగులా చుట్టి తోసెయ్యకండి. షాఫ్టు చుట్టూ కొలిచి, ఏటవాలుగా కోసి, విడివిడి రింగులు చెయ్యండి. ఒక్కో రింగు అతుకు ముందుదానికి మూడో వంతు చుట్టు దూరంలో పడాలి, లేకపోతే అతుకులన్నీ వరసగా కుదిరి నీళ్లకు కాలవ తవ్వినట్టే.

నట్టును చేత్తో బిగించి, నీళ్లలో దింపి, అరగంట నడపండి. కొత్త ప్యాకింగ్ కూర్చోవడానికి టైము పడుతుంది. ఆపైన కొద్దికొద్దిగా బిగించండి, ఒక్కసారికి నట్టు ఒక పలక దాటనివ్వొద్దు. చివర్న లాక్ నట్టు మర్చిపోకండి.

కొత్త ఫేస్ సీల్ చుట్టూ నల్లటి పొడి పడుతోంది. చెడిపోయిందా?

లేదు. కార్బన్, స్టీలు ముఖాలు ఒకదానికొకటి ఒదిగేదాకా కాస్త పొడి, కాస్త తుంపర సహజం. కొన్ని గంటల నడకతో తగ్గిపోవాలి. నెలలు గడిచినా పొడి రాలుతుంటే నీళ్లు అందడం లేదు, లేదా ఇంజిన్ వరస తప్పింది, అంటే ఇంజిన్, షాఫ్టు ఒకే తిన్నని గీతలో లేవు.

ముఖాల మధ్య గ్రీజు రాయొచ్చా?

కార్బన్ సీల్‌కి వద్దు. నూనె, గ్రీజు ఏదీ ఆ ముఖాల మీద పడకూడదు. అక్కడ కందెన నీళ్లే. వోల్వో రకం రబ్బరు సీల్‌కి మాత్రం కంపెనీ చెప్పిన, నీళ్లకు తట్టుకునే గ్రీజు కొద్దిగా ఎక్కించాలి.

వేగంలో కీచుమని శబ్దం వస్తోంది.

ఇంజిన్ వేగం తగ్గించండి. అది పొడిగా తిరుగుతున్న సీల్ అరుపు. కాలిన రబ్బరు వాసన కూడా వస్తే లిప్ సీల్ పని దాదాపు అయిపోయినట్టే. ఆపి, సీకాక్ (ఇంజిన్‌కి బయటి నీళ్లు తీసుకునే వాల్వ్) తెరిచి ఉందా, ఎగ్జాస్ట్ నుంచి నీళ్లు పడుతున్నాయా చూడండి. ఎగ్జాస్ట్ కూడా ఎండిపోయి ఉంటే సీల్ కంటే ముందు ఇంజిన్ ప్రమాదంలో ఉంది. ఎండిన సీల్ మీద ఒక్కసారిగా చల్లటి నీళ్లు కుమ్మరించకండి, వేడెక్కిన కార్బన్ పగలొచ్చు. దానంతటది చల్లారనివ్వండి.

లిప్ సీల్ మార్చాలంటే షాఫ్టు విప్పాలా?

సీల్ కోయకుండా ఉన్న పూర్తి రింగు గనక షాఫ్టును గేర్‌బాక్స్‌తో కలిపే కప్లింగ్ విప్పి షాఫ్టు మీంచి తొడగాలి. తెలివైనవాళ్లు మొదటిసారే రెండు తొడిగి, రెండోదాన్ని డబ్బాలో పెట్టి షాఫ్టు మీదే ముందుకు ఉంచేస్తారు. మొదటిది పోయిన రోజు దాన్ని కోసి పారేసి, రెండోదాన్ని వెనక్కి జరిపితే చాలు. అయితే పాత పెదవి ఒరుసుకున్న చోట షాఫ్టు మీద గోరు నడపండి. గోరుకు గాడి తగిలితే కొత్తది కూడా అక్కడ కారుతుంది. కొత్త పెదవి ఆ గాడికి కాస్త ముందో వెనకో పడేలా అమర్చాలి.

ఎన్నాళ్లకోసారి మార్చాలి?

పీఎస్ఎస్ బెలోస్‌ను 6 ఏళ్లకోసారి, వోల్వో రబ్బరు సీల్‌ను 500 గంటలకో 5 ఏళ్లకో మార్చమంటారు. బెలోస్ పైకి బాగుందని మార్చడం వాయిదా వెయ్యకండి. రబ్బరు చిరిగితే చుక్కలు కారవు, ధారే వస్తుంది. దాన్ని పట్టి ఉంచే క్లిప్పులు ప్రతి మూతికీ రెండేసి ఉండాలి. క్లిప్పు పట్టీ స్టెయిన్‌లెస్ అయినా స్క్రూ మామూలు ఇనుముది కావచ్చు, అయస్కాంతం పెడితే తెలుస్తుంది. పట్టీ కింద వేళ్లు పెట్టి తడమండి, తుప్పు కంటికి కనపడని వైపే మొదలవుతుంది.

ఫేస్ సీల్ రోటర్‌ను పట్టుకునే గ్రబ్ స్క్రూలు ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదు, కొత్తవి వెయ్యాలి. రోటర్ అంచున షాఫ్టు మీద మార్కర్‌తో గీత గియ్యండి. రోటర్ వెంట్రుకవాసి జరిగినా ఆ గీత పట్టిచ్చేస్తుంది.

కొత్త సీల్ వేసినా నెలలోపే కారుతోంది. సీల్ నకిలీదా?

సీల్‌ని అనుమానించేముందు ఇంజిన్ వరస చూడండి. ఇంజిన్ కింది రబ్బరు మౌంట్లు కుంగితే షాఫ్టు ఊగుతూ తిరుగుతుంది, ఏ సీలైనా ఆ ఊపుకు తాళదు. కప్లింగ్ బోల్టులు విప్పి, రెండు ముఖాల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచటి రేకులతో) నాలుగు వైపులా కొలవండి. 100 మిల్లీమీటర్ల కప్లింగ్‌కి ఎక్కడైనా తేడా 0.1 మిల్లీమీటరు దాటకూడదు. ఈ కొలత బోటు నీళ్లలో తేలుతుండగానే తియ్యాలి. ఒడ్డున దిమ్మల మీద బోటు ఆకారమే కొద్దిగా మారుతుంది. కట్‌లెస్ బేరింగ్ అరిగినా, ప్రొపెల్లర్ రెక్క వంగినా, తాడు చుట్టుకున్నా ఇదే ఫలితం.

ఒడ్డున ఉండగా ఇంజిన్ స్టార్ట్ చెయ్యొచ్చా?

ఇంజిన్‌కి పైపుతో నీళ్లిచ్చి న్యూట్రల్‌లో అయితే చెయ్యండి. గేరు వెయ్యొద్దు. సీల్‌కి గొట్టం ద్వారా నీళ్లందినా కట్‌లెస్ బేరింగ్ పూర్తిగా తడవదు.

నెలల తరబడి బోటు కదలకపోతే?

కదలని సీల్‌కే జబ్బులెక్కువ. ముఖాల అంచున నాచు, గుల్లలు పడతాయి, ఉప్పు గడ్డకడుతుంది. రెండు వారాలకోసారైనా ఇంజిన్ వేసి, కట్టిన తాళ్ల మీదే కొద్దిసేపు గేరులో తిప్పండి. చాలాకాలం ఆగిన ఫేస్ సీల్ మొదట కారితే, షాఫ్టు ఆపి ఉంచి, రింగును కొద్దిగా వెనక్కి నొక్కి ముఖాలను నీళ్లతో కడగనివ్వండి, శుభ్రమైన గుడ్డతో ఓసారి తుడవండి. చాలావరకు అంతటితో ఆగుతుంది. నీళ్లు గడ్డకట్టే చోట ఒడ్డుకెక్కించే బోటైతే సన్న గొట్టంలో నీళ్లు మిగలకూడదు, ఇంజిన్‌లో పోసే యాంటీఫ్రీజ్ ఈ గొట్టంలోంచి కూడా బయటికి వచ్చేదాకా నడపండి.

నడినీళ్లలో సీల్ పోతే?

ఇంజిన్ ఆపండి. షాఫ్టు ఆగితే చాలాసార్లు ధార సగానికి తగ్గుతుంది. బిల్జ్ పంపు తిరుగుతోందో లేదో చూసి, కారే చోట గుడ్డ పీలికో రబ్బరు పట్టీయో గట్టిగా చుట్టి, పైన క్లిప్పో తాడో బిగించండి. ఆ తర్వాత షాఫ్టు తిప్పకూడదు, కాబట్టి లాగించుకోవాల్సిందే. రోటర్ జారిపోయి ఉంటే దాన్ని చేత్తో తోసి కార్బన్‌కి ఆనించి పట్టుకుంటే నీళ్లు ఆగుతాయి. రోటర్ ముందు షాఫ్టు మీద ముందే ఒక కాలర్ బిగించి ఉంచితే ఆ అవస్థే రాదు. కప్లింగ్ ఊడి షాఫ్టు మొత్తం వెనక్కి జారబోయినా ఆ కాలరే అడ్డుపడుతుంది.

షాఫ్టు పూర్తిగా బయటికి పోతే మిగిలేది తెరిచిన గొట్టం. ఆ గొట్టానికి సరిపడే చెక్క బిరడా ఒకటి సీల్ పక్కనే తాడుతో కట్టి ఉంచండి. కొనేముందు స్టెర్న్ ట్యూబ్ లోపలి వ్యాసం కొలుచుకోండి, సీకాక్‌ల కోసం అమ్మే బిరడాలు దీనికి సన్నమైపోతాయి.